ఎవరి కుడి చెవి?

మా వీధిలో ఆయన్ని ఎలకల డాక్టరు అంటారు. ఆయన డాక్టరు కాదు, మా ఆయన. గుర్రాలకు వచ్చే ఒక వైరస్ జబ్బుకు ఒక డాక్టరమ్మ టీకా తయారుచేసే చోట, ఎలుకల గదిలో పని. ఇరవై రెండేళ్ళుగా అదే గది. పెట్టెలు కడగడం, కింద పరిచిన రంపపు పొట్టు మార్చడం, మేత పెట్టడం, పొద్దున్నే ఒక్కొక్కదాన్నీ తూచి బరువు రాయడం.

పక్కింటావిడ ఆయన కనిపిస్తే ఊరుకునేది కాదు.

"రోగం గుర్రానికి, సూదులు ఎలకలకా? ఇదేం న్యాయం అన్నయ్యగారూ!"

"అయితే ఓ పది గుర్రాల్ని తెచ్చి మీ వసారాలో కట్టేస్తాను. లద్ది ఎత్తుతావా అమ్మా?"

"అమ్మో, ఎలకలే నయం!"

మామూలు ఎలుకకు ఆ జబ్బు సరిగ్గా అంటదట. అందుకని దాన్ని తట్టుకునే శక్తి ఒంట్లో లేకుండా పుట్టించిన ఎలుకల్ని తెప్పిస్తారు. సగం వాటికి టీకా, సగం వాటికి ఉత్త నీళ్ళు. కొన్ని వారాలాగి అన్నిటికీ వైరస్ ఎక్కిస్తారు. బరువు అయిదో వంతు తగ్గిందంటే అది ఇక కోలుకోదని అర్థం. ఇంకా బాధపడకుండా గ్యాసు పెట్టెలో నిద్రపుచ్చాలి. అదీ ఆయన పనే. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

మా అమ్మాయి మూడు రోజుల జ్వరంతో పోయింది. పదిహేడేళ్ళు. తొమ్మిదో రోజున ఆయన పనికి బయలుదేరితే చొక్కా నేనే తీసి ఇచ్చాను. ఇంట్లో ఉండి మాత్రం ఏం చేస్తారు?

తర్వాత ఇద్దరికీ మాటలు పెద్దగా లేవు. నేను పెట్టాను, ఆయన తిన్నారు. ఉప్పు వేయడం మరిచిపోయిన రోజున కూడా తిన్నారు. నాకూ ఆ సంగతి గిన్నెలు కడిగేటప్పుడే తెలిసింది.

రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నారు.

"టీకా పనికిరాలేదే. వేసినవీ పోయాయి, వేయనివీ పోయాయి. వేయని వాటిల్లో కొన్ని శుభ్రంగా తింటూ తిరుగుతున్నాయి. అంతా కలగాపులగం. డాక్టరమ్మ దీన్ని వదిలేద్దాం అంటోంది. ఆరేళ్ళ పని."

నేను ఎవరిదో రవిక కుడుతున్నాను. ఏదో ఒకటి అడగాలి కదా అని అడిగాను.

"దేనికి వేశారో దేనికి వేయలేదో ఎట్లా తెలుస్తుంది?"

"చెవికి చిల్లు కొడతాం. టీకా వేసినదానికి కుడి చెవికి, నీళ్ళు వేసినదానికి ఎడమ చెవికి. నేనే కొట్టాను, తిరిగి పనిలోకి వెళ్ళిన రోజున."

చేత్తో చూపించారు. ఎప్పుడూ మెడ వెనక పట్టుకుంటారు, ఎలుక మొహం అటు ఉంటుంది. ఆ వారమే కొత్తగా గొట్టం ఒకటి వచ్చిందట. ఎలుక అందులో దూరి, మొహం ఇటు, ఆయన వైపు బయటపెడుతుంది.

నా ఒళ్ళోని రవిక తిరగేసి ఉంది. అట్లా తిరగేసినప్పుడు చూసుకోకపోతే కుడి చెయ్యి పోయి ఎడమ వైపు పడుతుంది. కొత్తలో నేను రెండు రవికలు పాడుచేశాను.

"కుడి అంటే ఎవరి కుడి? మీదా, ఎలకదా?"

ఆయన తన రెండు చేతుల వంకా చూసుకున్నారు.

"గొట్టంలో ఎన్నిటిని పెట్టారు?"

"తెలీదే. ఆ రోజు ఏం చేశానో నాకేం గుర్తు లేదు."

"ఆ మాటే ఆవిడతో చెప్పండి."

"చెప్తే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. ఇంకో నలభై ఎలకలు. నీళ్ళు వేసిన ఇరవైనీ మళ్ళీ ఈ చేతుల్తోనే గ్యాసు పెట్టెలో పెట్టాలి. నా వల్ల కాదే ఇంక."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముంది? టీకా చెత్తబుట్టలోకి. గుర్రాలు ఎట్లాగూ పోతూనే ఉన్నాయి."

నాకు గుర్రాల మీద జాలి కలగలేదు. ఎలుకల మీదా కలగలేదు. రవిక చెయ్యి కుట్టు విప్పి చూసి మళ్ళీ కుట్టాను.

"టీకా తప్పు కానిదాన్ని దాని నెత్తిన రుద్దకండి," అన్నాను.

మర్నాడు వెళ్ళి చెప్పారు. డాక్టరమ్మ అరవలేదట. "అంత తొందరగా మిమ్మల్ని పనిలోకి రానివ్వడం నాదే తప్పు. ఈసారి చివరి పని ఇంకొకరితో చేయిస్తాను," అన్నదట.

"వద్దమ్మా, నేనే చేస్తాను" అని వచ్చేశారు. ఎందుకట్లా అన్నారో నేను అడగలేదు. ఎలుకల గది గోడ మీద మాత్రం "ఎలుక కుడి" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించారట. చూసిన ప్రతివాడూ నవ్వుతున్నాడట.

రెండో విడత మొదలైంది. వైరస్ ఎక్కించాక రోజూ ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పేవారు. "ఇవాళ మూడు." "ఇవాళ అయిదు." నేను ఊఁ అనేదాన్ని. నీళ్ళు వేసినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. టీకా వేసినవాటిలో ఒక్కటే పోయింది.

"నిలబడిందే టీకా," అన్నారు.

"మీకెట్లా ఉంది?"

"చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నాకేం తెలీలేదు."

"నాకూ అంతే," అన్నాను.

ఒక గుర్రపుశాలలో మొదటి గుర్రానికి టీకా వేసే రోజున, వచ్చి చూడమని డాక్టరమ్మ కబురు చేసింది. ఆయన వెళ్ళలేదు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటి దాకా, అమ్మాయి పోయాక మొదటిసారి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. నేను లేపలేదు.