పసుపు పెట్టిన చొక్కా

నరసాపురం రైలు నన్ను పాలకొల్లులో దించేసరికి ఉదయం ఆరున్నర. అప్పటికే ఒళ్ళంతా చెమట. నాకు కావలసిందీ అదే. హైదరాబాదులో మేం తయారుచేస్తున్న తేలికపాటి బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా ఏసీ గదిలో బాగానే ఉంది. ఉక్కపోతలో మనిషి దాన్ని విప్పకుండా ఎంతసేపు ఉండగలడో చూడాలి. దిండిలో సెలవు మీద ఉన్న సత్తిబాబు అనే జవాను వేసుకుని చూస్తానన్నాడు. ఉన్న నమూనా ఒక్కటే. వచ్చే వారం దాని మీదే తూటాలు పేల్చి పరీక్షించాలి.

స్టేషను బయట పెసరట్టు ఉప్మా తిని రాజోలు బస్సెక్కాను. వెళ్ళేవారు కిటికీ పక్కన కూర్చోండి, చించినాడ వంతెన మీంచి గోదారి బాగా కనిపిస్తుంది. పక్క సీటు పెద్దాయన నా సంచి చూసి, "రిసార్టుకాండీ?" అన్నాడు. సత్తిబాబు ఇంటికన్నాను.

"ఆయ్, పెద్దబ్బాయిని పోగొట్టుకున్నారండీ ఆళ్ళు," అని గోదారి వైపు తిరిగిపోయాడు. ఆ తరవాత నాకు వంతెన అందం పట్టలేదు.

తొమ్మిదింటికి సత్తిబాబు చొక్కా తొడుక్కున్నాడు. కొబ్బరికాయలు ఒలిచాడు, నీళ్ళు మోశాడు, గట్టు చెక్కాడు. మధ్యాహ్నం దాకా విప్పలేదు. "బరువు తెలీట్లేదండీ. వీపు ఉడుకుతోందంతే," అన్నాడు. నేను లోపల్లోపల మురిసిపోయాను.

వాళ్ళమ్మ నాగరత్నం గారు వచ్చి కొడుకు ఛాతీ మీద అరచేత్తో నొక్కి చూశారు.

"పెద్దోడూ జవానేనండీ, ఆళ్ళిచ్చిన చొక్కా బరువు మొయ్యలేక విప్పేసేడు. నీళ్ళు తాగుతుంటే తూటా తగిలిందంట," అన్నారు. లోపలికెళ్ళి పసుపు తెచ్చి, కొత్త బట్టకి పెట్టినట్టే చొక్కా అంచున పెట్టారు. "సెలవయిపోయింది, సాయంత్రం డ్యూటీకి ఇదేసుకునే ఎళ్తాడు గదండీ? ఇదుంటే పంపుతాను. లేపోతే పంపనండి."

నేను నోరు తెరిచేలోపే సత్తిబాబు అందుకున్నాడు. "ఆయ్, నాకే తెచ్చేరమ్మా."

అన్నంలోకి పనసపొట్టు కూర. "ఇంకొంచెం ఏసుకోండి బాబుగారూ, మా అబ్బాయికి ప్రాణం తెచ్చేరు," అని ఆవిడ మళ్ళీ వడ్డించారు. అబద్ధం నేను ఆడలేదు గానీ, ఆ కూర తిన్నది నేనే.

అయిదింటి బస్సుకి బయల్దేరాం. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా మీద నీలం గళ్ళ చొక్కా తొడిగి, గుండీలు ఆవిడే పెట్టారు. వంతెన దాటాక సత్తిబాబు వెనక సీట్లోకి వెళ్ళి, లోపలిది విప్పి మడతపెట్టి తెచ్చాడు.

"ఇయ్యి మాకెప్పటికి ఇస్తారండీ?"

పరీక్ష నెగ్గాలి, పైవాళ్ళు ఒప్పుకోవాలి, ఆపైన కొనాలి. "తెలీదు సత్తిబాబూ," అన్నాను.

"ఆయ్. అమ్మకి మాత్రం చెప్పకండేం," అన్నాడు. పాలకొల్లులో దిగి, విశాఖ రైలు అందుకోవడానికి రాజమండ్రి బస్సెక్కాడు. అక్కణ్ణించి అడవికి.

కోనసీమ పచ్చగా ఉంటుందని అందరూ రాస్తారు. నిజమే. నాకు మాత్రం ఆ పచ్చదనంలో ఒక గుమ్మం, అందులో నిశ్చింతగా నవ్వుతూ నిలబడ్డ ఒక తల్లి తప్ప ఇంకేమీ గుర్తులేదు. నమూనా మీద మరకలుండకూడదని రైల్లో రుమాలు తడిపాను. తుడవడానికి చెయ్యి రాలేదు.

రైలు కదిలింది. పసుపు పెట్టిన చొక్కా నా ఒళ్ళో ఉంది. సత్తిబాబు ఒంటి మీద నీలం గళ్ళ చొక్కా ఒక్కటే ఉంది.