వెనక గేరొక్కటే పడ్డ సాయంత్రం

జీవరాజు తాత నడక చూస్తే నేవీల అడ్మిరల్ అనుకుంటరు. నడిపేది మాత్రం హుసేన్‌సాగర్ల బుద్ధుడి విగ్రహం చుట్టు తిరిగే టూరిస్టుల బోటు. ఇస్త్రీ తెల్లంగీ, జేబుల చిన్న బైబిలు, కాళ్లకు హవాయి చెప్పులు. బందరు దిక్కు నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌ల ఇల్లు కట్టుకున్నా, మాట ఇంకా సముద్రం ఒడ్డుదే. జెట్టీ మీద లైఫ్ జాకెట్లు కట్టే మా పోరగాళ్లకు ఆయనంటే పానం, ఆయన్ని సతాయించుడంటే ఇంకా పానం. ఒకసారి ఆయన టోపీ తీస్కపోయి బాతు బొమ్మ బోటు తలకు తొడిగినం. తాత బాతుకు సెల్యూట్ కొట్టి, టోపీ తీస్కొని డ్యూటీకి పోయిండు.

గంత మనిషి, పెండ్లాం సలోమమ్మను ఒక్కనాడు బోటెక్కియ్యలే. డ్యూటీ బోట్ల ఇంటోళ్లను తిప్పుడు తప్పంట. ఆఖరి రోజు ఆఖరి ట్రిప్పు నీదేనని మాటిచ్చిండు. టికెట్ కొనుక్కొని వేరే బోటెక్కరాదా అని నేనంటే, ఆయన నడపని బోటు నాకెందుకు బాబూ అనేది ఆమె.

రిటైరయ్యే వారంలనే దెబ్బ పడ్డది. నిమజ్జనం అయినంక గణపతుల ఇనుప చట్రాలు నీళ్ల కింద మిగుల్తయ్. అసుమంటి చట్రానికే తాత బోటు తగిలింది. బోటు వెనక వేలాడే ఇంజన్‌ల నీళ్లల్ల మునిగి ఉండే భాగాన్ని మేం కాలు అంటం. గేర్లు, పంకా అన్నీ దాంట్లనే. ఆ కాలు పగిలింది. కొత్త కాలు బొంబాయి నుంచి రావాలె, తాత రిటైరైనంక గానీ రాదు. ఇంకో బోటు తీస్కోమంటే వినలే. లగ్గం నిశ్చయమైంది ఈ బోటుతోనేనా తాతా అని మేమంటే, మూతి ముడుచుకున్నడు.

రెజిమెంటల్ బజార్ల మోటార్లు బాగుచేసే ఖాజావలి, తాతకు పాత దోస్తు. మూలకు పడున్న ఒక పాత ఇంజన్ కాలు ఊడదీసి తాత ఇంజన్‌కు బిగించిండు. దుకాణం ముంగట నీళ్ల డ్రమ్ముల ముంచి నడిపి చూసిండు. ముందు గేరేస్తే నీళ్లు తిరిగినయ్, వెనక గేరేస్తే సుత తిరిగినయ్. ఫస్ట్ క్లాస్ అన్నడు. డ్రమ్ముల నీళ్లకేం బరువుంటది, ఎట్ల చెప్తే అట్ల తిరుగుతయ్.

ఆఖరి రోజు సాయంత్రం సలోమమ్మ గులాబీ రంగు పట్టుచీర కట్టుకొని, పల్లీల పొట్లంతోని వచ్చి బోటెక్కింది. ఆరింటికి మేనేజర్ తాళాలు తీసుకుంటడు. ఎక్కువ టైం లేదు. తాత ముందు గేరేసి రేజ్ చేసిండు. గరగరమని గేరు జారిపోయింది. మళ్లేసిండు, మళ్ల జారింది. వెనక గేరు మాత్రం గట్టిగ పట్టింది.

జెట్టీ మీద నిలబడ్డ ఖాజావలి మొఖం తెల్లబోయింది. ఆ కాలుకున్న గేరు మార్చే కమ్మీ జెర పొట్టిగుంది, మనుషుల బరువు పడంగనే ముందు గేరు నిలుస్తలేదు.

"అరగంట ఇయ్యన్నా, కాలు దింపి సరిచేస్తా," అన్నడు.

అరగంట యాడుంది.

సలోమమ్మ అయితే దిగలే. పొట్లం ఒళ్లో పెట్టుకొని హాయిగ కూసుంది. "వెనక్కే పోనివ్వండి. ఎటు తిరిగినా బుద్ధుడే కదండీ కనబడేది."

తాత జెట్టీ మీదున్న మా దిక్కు చూసిండు. మేమెవ్వలం నవ్వలే. రోజూ నవ్వేటోళ్లం కాబట్టి నవ్వుతమనుకున్నడు.

"ఇన్నేళ్లు ముందుకే నడిపాను. చివరి రోజు వెనక్కి నడపనా? దిగు," అన్నడు.

ఆమె దిగింది. తాత తాళాలిచ్చేసిండు. తెల్లారి ఖాజావలి ఎవ్వరూ పిలవకున్నా వచ్చి ఆ కమ్మీ సరిచేసి పోయిండు. అప్పటికే బోటు వేరే డ్రైవర్‌ చేతికి పోయింది.

ఇప్పుడు ముసలోళ్లిద్దరు అప్పుడప్పుడు ట్యాంక్‌బండ్ బెంచీ మీద కూసుంటరు. మొన్న నేను పోయి పక్కన కూలబడ్డా. ఆ రోజు వెనక గేరులో బుద్ధుణ్ణి చుట్టి రాగలిగేదట్రా బోటు అని అడిగిండు తాత. ఏదన్న జోకేద్దామనుకొని మానుకున్న.

"వచ్చేది తాతా. మెల్లగ వచ్చేది. వెనకకెల్లి నీళ్లు లోపలికి చిమ్మేటియి, జెర తడిసేటోళ్లు."

"తడిసేవాళ్లం," అన్నడు తాత.

సలోమమ్మ పల్లీలు వొలిచి ఆయన చేతిల పోసింది. తినకుంట, తన పాత బోటు బుద్ధుడి వెనకకు పోయి కనబడకుంట అయ్యేదాంక చూసుకుంట కూసున్నడు.