బాగేపల్లి నుంచి రాని జవాబు

2003లో మా కంపెనీ నన్ను కర్ణాటకలోని చింతామణికి పంపింది. అక్కడి కరెంటు ఆఫీసు కంట్రోల్ రూమ్‌కు కావలసిన ప్రోగ్రామును పూర్తిచేసి అప్పగించడం నా పని. మాది ఆ దగ్గరి సాదలి కాబట్టి ఆ ప్రాంతం నాకు కొత్త కాదు.

చుట్టుపక్కల ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ ఒక టెర్మినల్ పెట్టాం. చింతామణి కంప్యూటర్ రేడియో మీద వాటిని వరసగా పిలుస్తుంది. పిలుపు అందిన టెర్మినల్, ఏ లైన్ ఆన్‌లో ఉందో ఏది ఆఫ్‌లో ఉందో చెప్పి, చివర సరిచూసుకోవడానికి ఒక అంకె జతచేస్తుంది. ఆ అంకె కుదిరితేనే జవాబును తీసుకుంటాం. ఈ పిలుపూ జవాబుల కట్టుబాటునే ప్రోటోకాల్ అంటారు.

ప్రోగ్రామును మొదట రాసింది నాకు ముందున్నవాళ్లు. జవాబు రాకపోతే తెరమీద పాత స్థితే నిలిచి ఉండేలా రాశారు. రేడియో కాసేపు తడబడినంత మాత్రాన తెర మారకూడదని వాళ్ల ఉద్దేశం.

లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి 'లైన్ క్లియర్' తీసుకోవాలి. లైన్ ఆపాం, మీరు చెప్పేదాకా మళ్లీ వేయం అని అక్కడి ఆపరేటరు ఇచ్చే హామీ అది. తెర వచ్చాక కొందరు అది మాని, నేరుగా కంట్రోల్ రూమ్‌కే ఫోన్ చేయసాగారు.

ఒక మధ్యాహ్నం, బాగేపల్లి సబ్‌స్టేషన్ కిందికి వచ్చే పరగోడు లైన్‌మన్ నారాయణప్ప అలాగే ఫోన్ చేశాడు. కంట్రోల్ రూమ్ ఆపరేటరు లక్ష్మీదేవమ్మ ఎత్తింది.

"అమ్మా, మా లైన్ ఆఫ్ అయిండాదా? కంబం ఎక్కతాండాను."

తెరమీద ఆఫ్ అనే ఉంది. ఆమె అవునని చెప్పబోతుంటే ఆపి, ఫోన్ నేను తీసుకున్నాను. అప్పటిదాకా పక్క కంప్యూటర్లో వచ్చీపోయే సంకేతాలను గమనిస్తున్నాను. బాగేపల్లి టెర్మినల్‌కు పిలుపులు పోతున్నాయి, జవాబులు మాత్రం రావడం లేదు.

"ఎక్కద్దప్పా. ఇప్పుడెట్లుండాదో మాకు తెలీదు."

"ఆఫ్ అని కనపడలేదామ్మా?"

"కనపడతాండాది. అది పొద్దుటి మాట."

లక్ష్మీదేవమ్మ ఇంకో ఫోన్లో బాగేపల్లి సబ్‌స్టేషన్‌ను అడిగింది. పొద్దున ఆపిన లైన్‌ను పని ముగిశాక మళ్లీ వేశామని అక్కడివారు చెప్పారు. లైన్లో కరెంటు ఉంది. ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కిందే ఉన్నావా అని నారాయణప్పను అడిగింది.

"కిందనే ఉండానమ్మా," అన్నాడు.

తెర పాత స్థితినే చూపే ఈ పద్ధతి మార్చందే అప్పగింత పత్రం మీద సంతకం పెట్టనని ఆ సాయంత్రమే మా మేనేజరుకు చెప్పాను. డిజైన్‌ను కరెంటు ఆఫీసువారే ఒప్పుకున్నారని, జవాబు రాలేదని తెరమీద చూపిస్తే మన సిస్టమ్ పనిచేయడం లేదనుకుంటారని ఆయన వాదించారు. బాగేపల్లి విషయంలో అది పనిచేయడం లేదు, కనపడాల్సిందీ అదే అన్నాను. నా స్థానంలో ఇంకొకరిని పంపుతానన్నారు. పంపండి, వచ్చినవారికీ ఇదే చెప్తాను అన్నాను. ఎవరినీ పంపలేదు.

ప్రతి స్థితితో పాటు అది ఎప్పుడు అందిందో కూడా నమోదయ్యేలా ప్రోగ్రామును తిరగరాశాను. వరసగా కొన్ని పిలుపులకు జవాబు లేకపోతే ఆ లైన్ బూడిద రంగుకు మారి, పక్కన 'జవాబు లేదు' అని పడుతుంది. ఒక్కొక్క సబ్‌స్టేషన్‌కూ వెళ్లి, యాంటెన్నా తీగ ఊడదీసి, చింతామణి తెర మారుతోందో లేదో పరీక్షించాను.

కొత్త ప్రోగ్రాము వేసిన రోజున బాగేపల్లి వైపంతా బూడిద రంగే. కరెంటు ఆఫీసు ఇంజనీరు ముఖం చిట్లించి, ఇదేమిటని కన్నడలో అడిగారు. నారాయణప్ప ఫోన్ సంగతి చెప్పాను. ఆయన, తెర చూసి ఎవరికీ లైన్ క్లియర్ చెప్పకూడదని ఉత్తర్వు రాయించారు. బాగేపల్లి యాంటెన్నాను ఇంకా ఎత్తున పెట్టమని మాకు చెప్పారు. అది పెట్టాక జవాబులు నిలకడగా రాసాగాయి.

అప్పగింత ఆలస్యమైంది. తర్వాతి ప్రాజెక్టులోకి మేనేజరు నన్ను తీసుకోలేదు. నారాయణప్ప రిటైరయ్యేదాకా పరగోడు లైన్‌లోనే పనిచేశాడు.

టెర్మినళ్లతో మాట్లాడే ప్రోగ్రాముకు ఆన్, ఆఫ్ అనే రెండు స్థితులు చాలవు. తెలియదు అనేది మూడోది. ఆ తర్వాత ఎవరి ప్రోగ్రాము నా దగ్గరికి వచ్చినా మొదట దానికోసమే వెతికేదాన్ని.