నెత్తి మీది రెండు స్పీకర్లు

పదో తరగతి లెక్కల పరీక్ష నేను రెండుసార్లు రాశాను. రెండోసారి మొదటిసారి కంటే తక్కువ మార్కులు వచ్చాయి. దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో వీడికి ఈ జన్మలో తెలియదని మా సారు క్లాసందరి ముందూ అనేవాడు. ఆ చుక్కే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. గోదావరిఖనిలో హోం థియేటర్లు బిగించే నా దుకాణం బోర్డు మీద టూ పాయింట్ వన్, ఫైవ్ పాయింట్ వన్, సెవెన్ పాయింట్ వన్ అని పెద్ద పెద్ద అంకెలు రాయించాను. అన్నిట్లోనూ చుక్క సరైన చోటే ఉంది. పెయింటరు పెట్టాడు లెండి.

మొన్న మా మేనల్లుడు వచ్చి ఒక అట్టపెట్టె బల్ల మీద పెట్టాడు. "మామా, గివి ఎవరికన్న పనికొస్తయేమో చూడు. ఇంట్ల ఉంటే అమ్మ వీటినే చూస్కుంట కూసుంటున్నది" అన్నాడు. లోపల గుండ్రటి చిన్న స్పీకర్లు రెండు. వాళ్ళ పాత క్వార్టర్ హాల్లో స్లాబుకు హుక్కులు కొట్టి నేనే వేలాడదీసినవి. పక్కనున్న గిరాకీ ఎంతకిస్తావని అడిగాడు. అమ్మేవి కావని చెప్పి పెట్టెను బల్ల కిందికి తోశాను. మా బావ పోయిన తర్వాత ఆ ఇంటి నుంచి నా దగ్గరికి వచ్చిన మొదటి వస్తువు అది.

బావ అంటే అక్క మొగుడు. బొగ్గుబాయిలో టింబర్‌మన్, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు ఆనించేవాడు. ఆ పనిలో కళ్ళకన్నా చెవులకే డ్యూటీ ఎక్కువ. ఇనుప కడ్డీతో కప్పును తట్టి వినాలి. గట్టిగా మోగితే ముందుకు, డొల్లగా మోగితే వెనక్కి. కూలే ముందు ఒక్కోసారి కప్పు సన్నగా చిటపటలాడుతుంది. కప్పు మాట్లాడుతోంది అంటారు దాన్ని. ఒకరోజు అది మాట్లాడింది. బావ విన్నాడు, అరిచాడు, ఉరికాడు. వెనకే వస్తున్నాడనుకున్న జతగాడు రాలేదు. బావ నోటి వెంట ఇంతకు మించి ఎప్పుడూ రాలేదు, మేమూ అడగలేదు. అప్పటినుంచి ఆయన పడక క్వార్టర్ వాకిట్లోనే. వానాకాలం మంచం మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని, దాని కింద బీడీ వాసనతో, తడి దుప్పటితో పడుకునేవాడు. పగలు ఇంట్లోకి వచ్చి తినేవాడు, టీవీ చూసేవాడు. కానీ స్లాబు మీద కోతి దూకిందంటే పళ్ళెంతో సహా వాకిట్లో తేలేవాడు. "కోతికి మొక్కాలె బావా, గింత వయసుల నిన్ను ఉరికిస్తున్నది" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. అక్క నవ్వేది కాదు.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. మేనల్లుడు మూడంతస్తుల బిల్డింగులో నడిమి అంతస్తు తీసుకున్నాడు. వాకిలి లేదు. పైన ఇంకో కుటుంబం, వాళ్ళ పిల్లల పరుగులు, వాళ్ళ రోకలి. ఒక పొద్దున బావ దుకాణానికి వచ్చి, స్టూలు మీద కూర్చుని, చాయ్ సగం తాగాక అసలు మాట తీశాడు. "బామ్మర్దీ, నెత్తి మీద చప్పుడు చేసే డబ్బాలు నీ దగ్గర ఉన్నయంట గదా? మా హాల్ల పెట్టు. అక్కడికి పోకముందే అలవాటు చేసుకుంట. ఒక సినిమా నిమ్మళంగ కూసొని చూస్తే వాళ్ళతోని పోత. లేకుంటె వాళ్ళు పోనీ, నేను ఏదన్న తోట కాడ కావలి ఉంట." నవ్వుతూనే అన్నాడు. మిగిలిన సగం చాయ్ మాత్రం తాగకుండానే లేచి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత అక్క ఒక చోట, బావ ఇంకో చోట. ఈ మాట అప్పటికే ఇంట్లో అయిందని ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి అక్క మొహం చూడగానే తెలిసింది.

నేను మెట్టుమెట్టుగా పోదామన్నాను. మొదటి ఆదివారం మధ్యాహ్నం ఒకటే డబ్బా, టీవీ కింద. ఇది మోనో, ఒకటే దారి, మన పాత రేడియో లెక్క అని చెప్పాను. తర్వాతి వారం రెండు డబ్బాలు. స్టీరియో. కుడి ఎడమల నుంచి సమానంగా వస్తే, పాడే మనిషి మధ్యలో నిలబడ్డట్టు చెవి భ్రమపడుతుంది. బావ లేచి వెళ్ళి ఆ మధ్యలో చెయ్యి పెట్టి చూశాడు. "ఎవ్వడు లేడు గదరా!" అని మురిసిపోయాడు. ఆ పైవారం ఐదు పాయింట్ ఒకటి. ముందు మూడు, అందులో నడిమిది మాటల కోసం, వెనక రెండు. పాయింట్ ఒకటి అంటే పదో వంతు కాదు, అన్ని శబ్దాలూ పలకలేక ఒక్క గుర్రుమనడమే వచ్చిన సబ్‌వూఫర్. పూర్తి అంకె ఇవ్వడం ఎందుకని చుక్క పక్కన కూర్చోబెట్టారు, బడిలో నన్ను గోడ పక్కన కూర్చోబెట్టినట్టు. అది మోగుతుండగానే పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు పేలి కిటికీలు గజగజలాడాయి. "మా కంపెనీ డబ్బా ముందు నీ డబ్బా ఎంతరా" అన్నాడు బావ. కింద నుంచి వచ్చే చప్పుడంటే ఆయనకు భయం లేదు.

ఏడు పాయింట్ ఒకటికి పక్కన రెండు, వెనక రెండు. సినిమాలో ఎవరో మన వీపు వెనక నడిచి వస్తున్న చప్పుడు. నేను తిరిగి చూశాను, అక్క తిరిగి చూసింది. బావ మెడ తిప్పలేదు. "వెనక అడుగుల చప్పుడు అయితే మంచిదే బామ్మర్దీ. మనిషి వస్తున్నట్టు లెక్క" అన్నాడు. నేను వంగి, బాగానే ఉన్న వైరును మళ్ళీ బిగించాను.

ఇక మిగిలింది ఐదు పాయింట్ ఒకటి పాయింట్ రెండు. ఒకే అంకెలో రెండు చుక్కలు. మా లెక్కల సారు చూస్తే కళ్ళు తిరిగి పడేవాడు. ఆ చివరి రెండే నెత్తి మీదివి. పాత పద్ధతుల్లో ఏ చప్పుడు ఏ డబ్బాలో మోగాలో సినిమాలోనే రాసి ఉంటుంది. ఈ కొత్త పద్ధతిలో సినిమా, వాన పైన కురుస్తోంది, విమానం అటు పోతోంది అని మాత్రమే చెబుతుంది. గదిలో ఎన్ని డబ్బాలున్నాయో చూసుకుని ఆంప్లిఫయరే పంచిపెడుతుంది. పైన డబ్బాలు లేవనుకోండి, వాన ఆగిపోదు. కింది డబ్బాల్లోకి దిగి కురుస్తుంది. సినిమాలో ఎంత ఉన్నా, ఆంప్లిఫయర్ పెట్టె ఎంత చదవగలదో, గదిలో ఎన్ని నోళ్ళున్నాయో, అంతే మనకు దక్కేది.

సౌండు బాగా తగ్గించే పెట్టాను. సినిమాలో చినుకులు మొదలయ్యాయి. నెత్తి మీద ఒకటి, రెండు, తర్వాత సన్నగా చిటపట. బావ అక్క రెక్క పట్టుకుని గుంజుకుంటూ వాకిట్లోకి ఉరికాడు. అక్క చేతిలో గరిటె, గరిటెలో పప్పు. వాకిట్లో ఎండ కాస్తోంది. ఆయన చొక్కా మాత్రం వానలో తడిసినట్టే ఉంది. తర్వాతి వారమూ అంతే, ఆ తర్వాతి వారమూ అంతే. ఒకసారి కుర్చీకి తనను తాను తువ్వాలతో కట్టుకుని కూర్చున్నాడు. కుర్చీతో సహా గడపకు తగిలి పడ్డాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. తోటల దగ్గర ఎవరికైనా కావలి మనిషి కావాలేమో కనుక్కోమని నాతో అన్నాడు.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "తమ్మీ, పైన రెండిటి నోరు ముయ్యి. ఆయనకు చెప్పకు."

"అది కాపీ కొట్టుడైతది అక్కా."

"నువ్వు చీటీలు పెట్టి రాసి కూడ ఫెయిలైనోనివి. నాకు నీతులు చెప్తవా? ఆయన ఒక్కసారి కూసున్ననని అనుకుంటే చాలురా. మిగిలింది నేను చూస్కుంట." అని, ఉల్లిగడ్డలు తరగకుండానే కళ్ళు తుడుచుకుంది.

ఆ ఆదివారం పై రెండు వైర్లూ వెనక నుంచి పీకేశాను. పైన ఎవరూ లేరని ఆంప్లిఫయర్‌కు కూడా చెప్పాను. యంత్రానికి నిజం, మనిషికి అబద్ధం. సినిమా మొదలైంది. వాన వచ్చింది, కింది డబ్బాల్లోనే. బావ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. వాన పెరిగింది. ఆయన ఒక్కసారి తల ఎత్తి ఆ రెండు గుండ్రటి డబ్బాల వైపు చూశాడు, గుటక మింగాడు, మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. అక్కా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. మోగని వాటి వైపు ఎందుకు చూశాడో మాకు అర్థం కాలేదు. భయం లోపల మోగుతుంది కదా, దానికి వైరెందుకు అనుకున్నాం. సినిమా అయిపోయింది. ఆయన కుర్చీలోనే ఉన్నాడు. అక్క జిలేబీ తెప్పించి వాడకట్టంతా పంచింది. తన తమ్ముడు పెద్ద డాక్టర్లు చెయ్యలేనిది చేశాడని చెప్పుకుంది. బోర్డు మీద 'ఇచ్చట భయము తీయబడును' అని రాయిద్దామా అని నేనూ ఎగిరాను.

ఫ్లాటుకు వెళ్ళారు. బావ హాల్లో, తలుపు పక్కన మంచం వేయించుకున్నాడు. చెప్పులు మంచం కిందే, ముందు కొసలు గుమ్మం వైపు. నిద్ర ఎట్లుందని ఎప్పుడడిగినా "ఫస్ట్ క్లాసు" అనేవాడు. కళ్ళు ఎర్రగా ఉండేవి. బొగ్గు దుమ్ము ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. ఆ దుమ్మే చివరికి ఆయన ఊపిరిని పట్టుకుంది.

దవాఖానలో ఒక మధ్యాహ్నం నేను ఒక్కణ్ణే పక్కన ఉన్నాను. పై అంతస్తులో ఎవరో ఇనుప మంచాన్ని గరగరమని జరిపారు. బావ కళ్ళు కప్పు మీదికి పోయాయి, చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. ఆయన ఉరకలేడు. నాకు తెలిసిన మందు ఒక్కటే, నవ్వించడం. "బావా, నీకో ముచ్చట చెప్పాల్నా? ఆనాడు పైన డబ్బాలకు వైర్లే కలపలే. నువ్వు పాస్ కాలే, అక్కా నేను కాపీ కొట్టి నిన్ను పాస్ చేసినం" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆక్సిజన్ మాస్కు లోపల ఊపిరి గరగరలాడుతోంది. నిద్రపోయాడేమో అనుకున్నాను. చప్పుడు ఏ పక్క నుంచి వచ్చిందో చెవికి ఆ క్షణమే తెలుస్తుంది. మనిషి ఏ పక్క నిలబడ్డాడో తెలియడానికే కాలం కావాలి, అది మనకు తెలిసేసరికి ఆ మనిషి దగ్గర కాలం మిగలదు. బావ మాస్కు కొంచెం పక్కకు జరిపాడు.

"ఓరి పిచ్చి బామ్మర్దీ, కప్పు మాట్లాడుతలేదని నాకు తెల్వదా? మీ అక్క సినిమా చూస్తలేదు, నా మొఖం చూస్తున్నది. అందుకే విన్నట్టు ఒక్కసారి పైకి చూసిన. ఆనాడు మీరు నన్ను పాస్ చేసుడు కాదు, మీ ఇద్దర్ని నేనే పాస్ చేసిన."