క్లైమేట్ చాంబర్‌లో కిల్ట్

2021 జనవరిలో నేను స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్లో, కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో క్లైమేట్ చాంబర్ విభాగానికి బాధ్యుణ్ణి. క్లైమేట్ చాంబర్ అంటే ఒక కారు మొత్తం పట్టేంత పెద్ద గది. మీట నొక్కితే అందులో రాజస్థాన్ ఎండా వస్తుంది, సైబీరియా చలీ వస్తుంది. సీటు కింద హీటరు ఎంతసేపటికి వెచ్చబడుతుంది, ఆ వేడి కూర్చున్న మనిషి నడుముకు ఎలా అందుతుంది అని కొలవడం మా పని. కొలత కోసం కూర్చోబెట్టే మనిషిని అక్కడ ప్రొబాండ్ అంటారు. అతని ఒంటికి వేడిని కొలిచే సన్నటి సెన్సర్లు అంటిస్తాం. గదిలో మనిషి ఉన్నంతసేపూ బయట అద్దం దగ్గర ఇంకొకరు కనిపెట్టుకుని ఉండి తీరాలి.

కరోనా రోజులవి. డిజైన్ వాళ్లంతా ఇళ్ల నుంచి పనిచేస్తుంటే మేము మాత్రం మాస్కులు బిగించుకుని, ఖాళీ ఎస్-బాన్ రైళ్లలో రోజూ వచ్చేవాళ్లం. చాంబర్‌ను ఇంటికి పట్టుకెళ్లలేం కదా.

మా వర్క్‌షాపు మైస్టర్ పేరు వెర్నర్. మైస్టర్ అంటే పరీక్ష ప్యాసై ఆ హోదా సంపాదించుకున్న మెకానిక్కుల పెద్ద. కాగితం మీద ఆయన నా కింద పనిచేసేవాడు. వర్క్‌షాపులో నేనే ఆయన కింద పనిచేసేవాణ్ణి. కొలతల ఇంజినీరు యూయన్ ఉత్తర స్కాట్లాండ్ మనిషి. అతనికి బ్యాగ్‌పైప్ వాయించే అలవాటుంది. మన వీధినాటకాల్లో శ్రుతి కోసం ఊదే తిత్తికి అది పెద్దన్న లాంటిది, చప్పుడులో కూడా. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు ఒప్పుకోక, డ్యూటీ అయ్యాక మా వర్క్‌షాపు వెనక పెరట్లో సాధన చేసేవాడు. మొదట్లో వెర్నర్ ఇంతెత్తున లేచాడు. తర్వాత తర్వాత, యూయన్ ఊదడం మొదలుపెట్టగానే వెనక షట్టరు తనే పైకెత్తి, కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడేవాడు. బాగుందని ఒక్కనాడూ అనలేదు. ఆయన నోట అలాంటి మాట రావడం కష్టం.

ఆ జనవరిలోనే కరోనా వెర్నర్‌ను తీసుకుపోయింది. ఆయన భార్య ఇంగ్రిడ్‌ను ఆస్పత్రిలోకి రానివ్వలేదు. చివరిసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు, తన సమాధి దగ్గర ఆ స్కాట్లాండ్ కుర్రాడి చేత వాయింపించమని ఆయన అడిగాడట. కుర్రాడంటే యాభై దాటినవాడు. ఆమె నాకు ఫోన్ చేసి, "హెర్ మూర్తి, ఆయన కోసం నేను చేయగలిగింది ఇక ఇదొక్కటే" అంది. చర్చి హాలు మూసేశారు. శ్మశానంలో పాటలు పాడకూడదన్నారు. వాయిద్యం వాయించవచ్చు, కానీ జనానికి దూరంగా, ఏటవాలు పైన గోడ పక్కన వాళ్లు చూపించిన చోటే నిలబడాలన్నారు. అక్కడ తలదాచుకోవడానికి చెట్టు కూడా లేదు. వాతావరణ సూచన మైనస్ ఎనిమిది చూపిస్తోంది. ప్రార్థన అయ్యేదాకా కదలకుండా నిలబడి, ఆ తర్వాత వాయించాలి. వేళ్లు కొయ్యబారితే గొట్టం మీది రంధ్రాలు సరిగ్గా మూసుకోవు, ఇంగ్రిడ్ చివరి పని అపస్వరమైపోతుంది.

పైగా బ్యాగ్‌పైప్ వాయించేటప్పుడు అతను కట్టేది కిల్ట్, అంటే వాళ్ల మగవాళ్లు నడుముకు చుట్టుకునే, మోకాళ్ల దాకా మాత్రమే వచ్చే బట్ట. ప్యాంటు వేసుకుని వాయించకూడదా అని అడిగాను. యూయన్ నా వంక జాలిగా చూశాడు. మా మేనేజర్ అనుమతి తీసుకుని, ఒక సాయంత్రం చాంబర్‌లోనే పరీక్ష పెడదామని నిర్ణయించుకున్నాం.

నేను పంచెకట్టు ప్రాంతం నుంచి వచ్చినవాణ్ణి. మాది ఏలూరు. నడుముకు చుట్టుకునే బట్ట ఏదైనా కింద గాలి ఆడటానికే అన్నది నా నమ్మకం. కాబట్టి లోపల వేడి పుట్టించడమే మార్గమనుకున్నాను. ఒక సీటు హీటరు పొర విప్పి, చిన్న బ్యాటరీ తగిలించి, అతని నడుముకు చుట్టాను. సెన్సర్లు ఎక్కడెక్కడ అంటించాలో తెలియాలి కాబట్టి లోపల ఏం వేసుకుంటావని అడగక తప్పలేదు. "ఎండాకాలం అడిగితే చెప్పను. చలికాలం మాత్రం ఊలు నిక్కరు" అన్నాడు. మా ఆవిడ సుజాత సంగతి విని హడలిపోయింది. "చెవులకేమీ లేకుండా నిలబడతాడా? చలి చెవుల్లోంచే కదండీ దూరేది! మీ మంకీ క్యాప్ పట్టుకెళ్లి ఇవ్వండి" అంది. పట్టుకెళ్లాను. మర్యాద కొద్దీ పెట్టుకున్నాడు.

వెచ్చటి గదిలోనే అన్నీ తొడిగి, హీటరు వేసి, సెన్సర్లన్నీ సరిచూసి లోపలికి పంపేసరికి అతనికి చెమట పట్టేసింది. కాసేపు అంతా బాగానే ఉంది. ఆ చలికి బ్యాటరీ నీరసించింది. చలిలో బ్యాటరీలు నీరసిస్తాయని మా విభాగంలో చేరిన మొదటి వారమే అందరికీ చెప్పేది నేనే. చెమటకు తడిసిన బట్ట చల్లబడటంతో తెర మీద గీతలన్నీ జారుడుబల్ల ఎక్కాయి. మైకులోంచి యూయన్ గొంతు వినిపించింది. "మూర్తీ, నీ హీటరు పోయింది. దాని వెనకే నేనూ పోయేలా ఉన్నాను. తలుపు తియ్యి."

మర్నాడు అతని పద్ధతిలో చేశాం. నేను నోరు మూసుకుని చూశాను. ముందు గిన్నెడు వేడి ఓట్స్ జావ తాగాడు. వేడి లేని వరండాలో నిలబడి, ఒంటి మీద తడి లేదని చూసుకుని బట్టలు తొడిగాడు. పల్చటి మేజోళ్లు, వాటి మీద మోకాళ్ల కింది దాకా దళసరి ఊలు మేజోళ్లు వేసుకున్నాడు. అన్నిటికీ చివర, లోపలికి వెళ్లే ముందు, కిల్ట్ కట్టుకున్నాడు. అప్పుడు దాన్ని దగ్గరగా చూశాను. ఒక చీర కంటే పొడవైన దళసరి ఊలు బట్ట అది. ముందువైపు రెండు పొరలు ఒకదాని మీద ఒకటి సాఫుగా పడతాయి. మిగిలిందంతా వెనక కుచ్చిళ్లే. ప్రతి కుచ్చిలి మడతలోనూ గాలి చిక్కుకుని ఉంటుంది. కదలకుండా చిక్కిన గాలి చలిని ఆపినట్టు మరేదీ ఆపదని పాతికేళ్లుగా అందరికీ చెబుతున్న నేను, దాన్ని పంచె అనుకున్నాను!

చాంబర్‌లో ఎదురుగాలి కోసం పెద్ద ఫ్యాన్ ఉంటుంది. యూయన్ దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. నడుము ముందు వేలాడే తోలు సంచిలో చేతులు దూర్చుకున్నాడు. తెర మీద నడుము గీత, తొడల గీత, వేళ్ల గీత దాదాపు కదల్లేదు. మోకాళ్ల గీత మాత్రం పడిపోతోంది. కంగారుపడి మైకులో అడిగాను. "మోకాళ్లను ఎప్పుడో వదిలేశాను. అవేమీ వాయించవు కదా" అన్నాడు.

అంత్యక్రియల రోజున సంచిలో పెట్టుకోవడానికి ఉడికించిన బంగాళాదుంపలు రెండు కావాలన్నాడు. వాళ్ల తాత చేతులు కాచుకునే ఉపాయమట. సుజాతకు చెబితే తొక్క తీసి, ముక్కలు కోసి, పోపు పెట్టి డబ్బాలో సర్దింది. శ్మశానానికి వెళ్లేవాడికి దుంపలు తినడానికి కాక ఇంకెందుకని దెబ్బలాడి, మళ్లీ రెండు ఉడకేసి ఇచ్చింది.

ముందురోజు వెళ్లి చూసినప్పుడు, మాకు చూపించిన చోట గాలి గోడవైపు నుంచి వచ్చింది. సమాధికి ఎదురుగా నిలబడితే గాలి వీపుకే తగులుతుందని సంతోషించాం. తెల్లారేసరికి గాలి దిశ మారింది. ఇప్పుడు సమాధివైపు నుంచి, సన్నటి మంచుతో సహా, నేరుగా మా మీదికే వస్తోంది. చోటు మార్చడానికి లేదు. యూయన్ ఒక్క క్షణం ఆలోచించి, అటు తిరిగి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. శవపేటికకూ, వచ్చిన కొద్దిమందికీ వీపే కనిపిస్తోంది. ఇంగ్రిడ్ రెండుసార్లు తలెత్తి చూసింది. నాకు ప్రాణం చివుక్కుమంది. "కనీసం పక్కకైనా తిరుగు, బాగుండదు" అని గొణిగాను. "ఇప్పుడు కాదు" అన్నాడంతే. పాస్టర్ ప్రసంగం ఎంతకీ తెమలలేదు. మా ఇద్దరిలో సమాధివైపు చూస్తున్నది నేనొక్కణ్ణే కాబట్టి పాస్టర్ సైగ అందగానే చెప్పడం నా వంతు.

పాస్టర్ చెయ్యెత్తాడు. యూయన్ దుంపలు నా చేతిలో పెట్టి, తిత్తి భుజానికెత్తుకుని, పూర్తిగా సమాధివైపు తిరిగాడు. గాలి మొహాన కొడుతోంది. మంచు తగిలి మోకాళ్లు ఎర్రగా కందిపోతున్నాయి. అతను వాయించాడు. నాకు సంగీతం పెద్దగా తెలియదు కానీ, వెనక షట్టరెత్తి వెర్నర్ వినే పాట అదేనని తెలుసు. ఒక్క స్వరం కూడా జారలేదు. ఇంగ్రిడ్ చివరిదాకా అతన్నే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక మనిషి పనితనానికి నేను అంతగా తలవంచిన సందర్భం మరొకటి లేదు.

అయ్యాక ఆమె దూరం పాటిస్తూనే ఏటవాలు ఎక్కి వచ్చింది. అంతసేపూ అటెందుకు తిరిగారని సూటిగా అడిగింది. మీ ఎదుట నిలబడే వేళకు వేళ్లు ఆడాలి కదా అన్నాడు యూయన్. ఆమె ఎర్రబడిన అతని మోకాళ్ల వంక చూసింది. "ఈ నెలంతా ఏదీ జరగాల్సినట్టు జరగలేదు. ఇది జరిగింది" అంది.

అప్పటిదాకా మా పరీక్షల్లో సీటు ఎంత త్వరగా వెచ్చబడుతుందన్నదే గొప్ప. ఆ నెల నుంచి నేను ఉద్యోగ విరమణ చేసేదాకా, హీటరు ఆపేశాక ఆ వేడి ఎంతసేపు నిలుస్తుందో కూడా ప్రతి సీటుకూ కొలిపించాను. కొన్ని ఖరీదైన సీట్లు ఆ పరీక్షలో తప్పాయి. పని పడే వేళకు ఎంత వేడి మిగిలి ఉందో, లెక్కకు వచ్చేది అదే.