అత్తయ్యకు ఊ కొట్టాలి

అత్తయ్య మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు ఊ కొట్టి తీరాలి. కొట్టకపోతే ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. రాంగ్ నంబరుకు ఫోన్ చేసినవాళ్లు కూడా ఊ కొట్టి, ఊ కొట్టి, చివరికి వాళ్లింటి గొడవలు చెప్పుకుని ఏడ్చారు. పళ్ల డాక్టరైతే ఆవిడకు ఊ కొట్టే ధ్యాసలో పీకాల్సిన పన్ను వదిలేసి పక్కదాన్ని పట్టుకున్నాడు. పుస్తకాల పురుగైన మేనల్లుడు పేజీ తిప్పినప్పుడల్లా ఒక ఊ పడేయడం అలవాటు చేసుకున్నాడు. నిద్రలో పక్కకు తిరిగినా ఊ అంటాడని వాళ్లమ్మ బాధ.

అలాంటి మనిషికి ఆస్పత్రిలో ముక్కూ మూతీ కలిపి మాస్కు బిగించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని రక్తంలో చెడుగాలి పేరుకుంటోందట. మంచం పక్కన చిన్న మిషను పెట్టారు. పీల్చేటప్పుడు గాలిని గట్టిగా నెడుతుంది, వదిలేటప్పుడు కాస్త తగ్గుతుంది.

"గొంతులో గొట్టం వేసే అవసరం రాకుండా ఈ మిషనండీ. నోరు మూసుకుని పీల్చుకుంటే చాలు," అంది నర్సు.

"అదొక్కటే కష్టం," అన్నాడు మేనల్లుడు.

అత్తయ్య మాస్కు పైకెత్తింది. "వాడి మాటలకేం గానీ అమ్మాయ్, మా ఆడపడుచు పెళ్లిలో ఏమైందంటే..."

గాలి బుస్సున పోయింది. మిషను కుయ్యోమని మొత్తుకుంది. నర్సు మాస్కు దింపితే అత్తయ్య లోపలి నుంచే పెళ్లి కొనసాగించింది. మళ్లీ మొత్తుకోలు. సైజు సరిపోలేదనుకుని నర్సు వేరే మాస్కు తెచ్చింది, పట్టీలు మార్చింది, చివరికి మిషన్నే మార్చింది. కొత్తది కూడా సరిగ్గా ఆడపడుచు పెళ్లి దగ్గరే మొత్తుకుంది.

"మాట్లాడితే గాలి పొట్టలోకి పోయి ఉబ్బరం వస్తుందండీ."

"నాకు మాట్లాడకపోతేనే ఉబ్బరం."

కొన్నాళ్లకు ఆవిడ తేరుకుంది. పగలు మాస్కు తీసేశారు. అప్పుడే పక్క మంచానికి అదే జబ్బుతో ఒక డ్రిల్లు మాస్టారు వచ్చాడు. మనిషి రిటైరయ్యాడు గానీ మీసాలు ఇంకా డ్యూటీ దిగలేదు. మాస్కు పెట్టగానే భయపడి ఊడబీక్కున్నాడు.

డాక్టరు ఆయన దగ్గర కూర్చుని చెప్పాడు. "మాస్టారూ, ఇది ఉంచుకోండి, మెలకువగా ఉండండి. చెడుగాలి పెరిగి మగత కమ్మాక వాంతయితే మాస్కులోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడిక గొంతులో గొట్టమే. మీ ఊపిరితిత్తులతో దాన్ని మళ్లీ తీయగలమని మాటివ్వలేను."

మాస్టారు మాస్కు పెట్టుకున్నాడు. అత్తయ్య కుర్చీ ఆయన పక్కకు లాక్కుంది.

"అత్తయ్యా, ఆయన్ని వదిలెయ్. అసలే ఊపిరాడట్లేదు," అన్నాడు మేనల్లుడు.

"నీ పుస్తకం నువ్వు చూసుకోరా. మాస్టారూ, మీరు నోరు తెరవక్కర్లేదు. ఊ అనే బదులు వేలెత్తండి. మా ఆడపడుచు పెళ్లికి వంటవాడు రాలేదు."

వేలు లేచింది.

"పెళ్లికొడుకే గరిట పట్టాడు."

లేచింది. మాస్టారు చెయ్యి మాస్కు మీదికి పోతే కథ ఆగేది. చెయ్యి దిగితే కదిలేది. మధ్యాహ్నమంతా అదే వరస. పెళ్లికొడుకు గోడ దూకాడు. హాల్లోకి గుర్రం వచ్చింది.

చిన్నప్పటి నుంచీ విన్న ఆ పెళ్లిలో గుర్రం లేదే అని మేనల్లుడు తలెత్తాడు. అత్తయ్య నోరు పెళ్లిలో ఉంది. చూపు మాత్రం మాస్టారి వేలి మీంచి కదలడం లేదు.

"ఆ గుర్రం ఎవరిదంటే..."

వేలు లేవలేదు.

"మాస్టారూ. గుర్రం."

లేవలేదు. అత్తయ్య మొదటి నుంచి ఎత్తుకోలేదు. "ఒరేయ్, సిస్టర్ని పిలు. పరిగెత్తు."

రక్తం తీసి చూశారు. చెడుగాలి పెరుగుతోంది. మిషను ఒత్తిడి పెంచి, గొట్టం ట్రేలో సిద్ధంగా పెట్టుకుని డాక్టరు అక్కడే నిలబడ్డాడు. చాలాసేపటికి మాస్టారు కళ్లు విప్పి డాక్టర్ని గుర్తుపట్టాడు. ట్రే వెనక్కి వెళ్లింది.

"ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది," అన్నాడు డాక్టరు. అత్తయ్య కుర్చీలోనే కునుకు తీస్తోంది.

మర్నాడు మంచినీళ్లు తాగడానికి మాస్కు తీయగానే మాస్టారు అడిగాడు, "ఆ గుర్రం ఎవరిదమ్మా?"

అత్తయ్య నవ్వేసింది. "నాకేం తెలుసు మాస్టారూ. అసలు పెళ్లి గంటలో అయిపోయింది. మీరు నిద్రలోకి జారకుండా ఏదో ఒకటి తోసుకొచ్చాను."

"అదేం కుదరదు. చెప్పాల్సిందే."

మేనల్లుడు పుస్తకం మూశాడు. "పెళ్లికూతురిదేమో అత్తయ్యా. ఆవిడ కూడా పారిపోదామనే తెచ్చుకుందేమో."

"ఆగండి," అన్నాడు మాస్టారు. నర్సు చేతిలోంచి మాస్కు తానే అందుకుని, మీసాలు లోపలికి సర్దుకుని, పట్టీలు బిగించుకున్నాడు. అప్పుడు, ఇక కానివ్వండన్నట్టు చెయ్యి ఊపాడు.