సీటు రాకముందే పంచిన బూందీ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! నలభై దినాలు, చెప్పబోతుంటేనే ఒళ్లు జలదరిస్తోంది, నలభై దినాలు మంచినీళ్లు తప్ప మరేమీ ముట్టకుండా ఉపవాసముండి నేను మొరపెడితే, ఆ మొర నేరుగా పరలోకానికెక్కి, అక్కడినుంచి కరీంనగర్‌లోని ఒక కాలేజీ ఆఫీసులోకి దిగి, మా మనుమరాలు కీర్తన పేరును మార్కెటింగ్ డిగ్రీ లిస్టులో మొట్టమొదటి వరుసలో నిలబెట్టింది! దేవునికే మహిమ! అది మామూలు డిగ్రీ కాదు, అప్రెంటిస్‌షిప్ డిగ్రీ. మూడేళ్లలో కొంతకాలం క్లాసులో చదువు, కొంతకాలం కంపెనీలో పని, పనిచేసే నెలల్లో స్టైపెండు కూడా ఇస్తారు.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. ఎందుకంటే ఈ సాక్ష్యం నా నోటి రోగం నుంచి దేవుడు నన్నెలా విడిపించాడో చెప్పడానికి మొదలుపెట్టినది, ఆ రోగం మొదటి పేరాలోనే తల ఎత్తింది. నలభై దినాలు కాదు, పదకొండు. అవి కూడా పొద్దున టిఫిన్ మానేయడమే. చాయ్ లెక్కలోకి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. క్షమించండి, మొదటినుంచి చెబుతాను.

నేను ఆదిలాబాద్ వైపు బస్సుల్లో నిర్మల్ కొయ్యబొమ్మలు అమ్మి బతికినవాణ్ని. చెక్క జామకాయ చేతిలో పట్టుకుని "ఈ రంగు మీ మనుమల కాలం దాకా పోదు" అని అరిచి అరిచి, చివరికి ఏది బొమ్మ గురించి చెబుతున్నానో, ఏది నా గురించి చెబుతున్నానో నాకే తెలియకుండా పోయింది. వయసు మీదపడ్డాక కరీంనగర్‌లో నా కొడుకు ఇంటికి చేరాను. కొడుకు గ్రానైట్ రాళ్లు కోసేచోట పనిచేస్తూ నడుము విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. మనుమరాలు కీర్తన ఇంటర్ పాసైన నెలలోనే చీరల దుకాణంలో చేరింది. ఆ పిల్లకు డిగ్రీ చదవాలని ఎంత ఆశో! కానీ పని మానితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే చదువూ పనీ ఒక్కచోటే దొరికే డిగ్రీ ఉందని తెలిసిన రోజు, నోటీసును ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చి, అన్నం తింటూ కూడా దాన్నే చూసుకుంది.

ఆ ముఖం చూసి నాకు పెద్దమనిషిని కావాలనిపించింది సహోదరులారా! మరునాడు ఆ కాలేజీకి వెళ్లొచ్చి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, అక్కడి పెద్దసారు చిన్నప్పుడు నా దగ్గర బొమ్మ కొన్నోడే. సీటు పక్కా. నువ్వేం ఫారం నింపే పని లేదు" అని చెప్పాను. నిజానికి నేను మాట్లాడింది గేటు దగ్గర వాచ్‌మన్‌తో. అతను నాకు చాయ్ పోయించి "చూద్దాం తాతా" అన్నాడు. అంతే!

అక్కడితో ఆగినా బాగుండేది. మా సంఘంలో ఒక అలవాటుంది. అడిగినది చేతికి రాకముందే, వచ్చిందని నమ్మి, మిఠాయి పంచి దేవునికి కృతజ్ఞత చెల్లిస్తాం. విశ్వాసంతో చేసేవారికి అది ఎంత ధన్యమో! నేను మాత్రం గొప్పకోసం చేశాను. ఆదివారం రెండు కిలోల బూందీ తెచ్చి, మా మనుమరాలికి సీటు ఇచ్చిన దేవునికి స్తోత్రమని ముందే సాక్ష్యం చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో కూర్చున్న కీర్తన కూడా కొట్టింది. ఇంట్లో కోతలు కోసినా దేవుని సన్నిధిలో తాత అబద్ధమాడడని నమ్మింది. నమ్మి అప్లికేషన్ పెట్టలేదు.

గడువు పోయాక, క్లాసులెప్పుడని అడగడానికి కాలేజీకి వెళ్లింది. "నీ అప్లికేషనే లేదు గదమ్మా" అన్నాడు గుమాస్తా. ఇంటికొచ్చాక నా మంచం దగ్గరికి రావడమే మానేసింది. తిట్టినా బాగుండేది! మళ్లీ చీరల దుకాణానికే పోయింది. ఏడాదిపాటు ప్రతి పొద్దున ఆ పిల్ల టిఫిన్ డబ్బా పట్టుకుని బస్టాపులో నిలబడితే, అదే బస్టాపులో సంచులు తగిలించుకున్న కాలేజీ పిల్లలు నవ్వుకుంటూ ఎక్కేవారు. ఆ బస్సు మలుపు తిరిగేదాకా కీర్తన దాని వెనకే చూస్తూ ఉండేది, నేను చాయ్ బండి చాటునుంచి కీర్తనను చూస్తూ ఉండేవాణ్ని. వేరొకరి బస్సు కోసం అంతగా కళ్లు కాయలు కాయడం నేనెక్కడా చూడలేదు.

అప్పుడు మొదలుపెట్టాను ఆ పదకొండు దినాల ప్రార్థన. "ప్రభువా, నా నోరే నా పాపం. జర గీ నోటికి తాళం వెయ్యి. నాకేం వద్దు, నా బిడ్డ ఎక్కాల్సిన బస్సు నేనే పోగొట్టిన, మల్లొక్కసారి తిప్పు తండ్రీ!" అని పొద్దున్నే మోకాళ్లమీద ఏడ్చాను. పన్నెండో రోజు ఆదివారం. సంఘం ముందు నిలబడి, నేను పోయినేడు చెప్పిన సాక్ష్యం అబద్ధం, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. ముందు వరుసలోని లచ్చవ్వ లేచి, "మరి మేం బూందీ తిన్నం గదా, గదెట్ల వాపసిచ్చుడు?" అంది. పాస్టరు అయ్యగారు నవ్వాపుకుని, "తిన్నోళ్లందరు ఆ పిల్ల కోసం ప్రార్థన చెయ్యిండ్రి, లెక్క సరిపోతది" అన్నారు. ఎంత మంది తిన్నారో ఆ రోజు తెలిసింది, మందిరమంతా మోకరించింది!

ఆ సాయంత్రం ఏడాది తర్వాత కీర్తన నా మంచం దగ్గరికొచ్చి కూర్చుంది. "ఈసారి నేనే నింపుత. నువ్వు ఎవ్వలతోని మాట్లాడకు. కానీ ఒకటి జెప్పు తాతా, బస్సుల బొమ్మలు ఎట్ల అమ్మేటోనివి? కోతలు గాదు, నిజం జెప్పు."

నన్ను ఎవరూ ఎన్నడూ అడగని ప్రశ్న అది. చెప్పాను. బొమ్మను పిల్లవాడి చేతికిచ్చి, ధర చెప్పకుండా బస్సు వెనక్కి నడిచిపోయేవాణ్ని. తిరిగొచ్చేసరికి వాడు దాన్ని వదిలేవాడు కాదు. నా అరుపులకు ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు, ఆ ఊరుకోవడమే అమ్మింది. కీర్తన దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుంది. అందులో దుకాణంలో తాను చూసినవి అప్పటికే ఎన్నో ఉన్నాయి. ఊళ్లనుంచి ఆడవాళ్లు నలుగురు కలిసి వస్తే కట్టుకునే పిల్లకు కాదు, పెద్దావిడకు ముందు చీర చూపాలని రాసుకుంది.

పిల్లలున్న తల్లిదండ్రులారా, ఆమె చేసినది చెబుతాను వినండి. నోటీసు వస్తుందేమో అని రోజూ కాలేజీ వెబ్‌సైట్ తానే చూసింది. ఆధార్‌లో పేరు, పది మెమోలో పేరు ఒకటేనా అని ముందే సరిచూసుకుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపించుకుంది, అప్రెంటిస్‌ల కోసం ప్రభుత్వం పెట్టిన పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంది, ఆఖరి తేదీ దాకా ఆగకుండా ఫారం నింపింది. కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూలో "నీకు మార్కెటింగ్ గురించి ఏం తెలుసు?" అంటే పుస్తకం మాటలు చెప్పలేదు. చీరల సంగతి చెప్పి, తర్వాత "మా తాత బస్సుల్లో బొమ్మలు అమ్మేవాడు" అని మొదలుపెట్టిందట! నేను బతికినంత కాలం ఎవరూ చదువు అనని పనిని ఆ ఆఫీసులో నలుగురు కూర్చుని విన్నారంటే, నా కన్నీళ్లు ఆగలేదు. దేవునికే మహిమ!

ఇప్పుడు కీర్తన ఆ బస్సు ఎక్కుతోంది. నేను చాయ్ బండి చాటున నిలబడను, ఎదురుగానే నిలబడతాను. ఆశపడి విసిగిన బిడ్డలారా, ఆయనను నమ్మండి. మీ ఫారం మీరే నింపండి. ఎవరితోనో మాట్లాడానని చెప్పే ముసలివాళ్లను మాత్రం నమ్మకండి!

మా సంఘ పత్రికకు పంపే ముందు ఈ కాగితాలు కీర్తనకు చదవమని ఇచ్చాను. చదివి ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఉపవాసం దిద్దుకున్నవ్ గని లిస్టు దిద్దుకోలే తాతా. మొదటి వరుస గాదు, అసలు లిస్టులనే నా పేరు లేకుండె. వెయిటింగ్‌ల ఉంటి. సీటొచ్చిన పిల్ల ఒకామె చేరలే, ఇంట్లోల్లు పనికి పంపిండ్రంట, అప్పుడు నన్ను పిలిచిండ్రు. ఆమె పేరు గూడ నాకు తెల్వది. గిది రాయి. ఇంగ నీ నలభైల ఇరవై తొమ్మిది దినాలు బాకీ ఉన్నయ్ గదా, అవి ఆమె కోసం ఉపాసం ఉండు. చాయ్ గూడ తాగకు."